ఓడ మీద నన్నడిగిన మాట

ఓడ మీద ఒక పెద్దమనిషి నన్ను ఒక మాట అడిగాడు. దానికి జవాబు నాకు తెలుసు. చెప్పలేదు. టీ కప్పు చేతిలో పట్టుకొని సముద్రం వైపు చూస్తూ ఉండిపోయాను.

ఈ సంగతి ముందే రాసేస్తున్నాను. ఆ ప్రయాణం గురించి నంద్యాలలో చాలామందికి చాలాసార్లు చెప్పాను. ఓడలో గదులు ఎట్లా ఉంటాయో, ఏమేం పెట్టారో, ఏ రేవులో ఏం చూశామో, అన్నీ చెప్పాను, ఈ ఒక్కటి తప్ప. విన్నవాళ్ళలో కొందరైనా ఇది చదువుతారు. వాళ్ళకు చెప్పిన కథను సరిచేయాల్సిన బాధ్యత నాదే.

నాది నంద్యాలలో విత్తనాలు, పురుగుమందుల అంగడి. మా నాయన పెట్టింది. నా షడ్డకుడిది, అంటే మా ఆవిడ చెల్లెలి భర్తది, ఆళ్ళగడ్డలో అదే వ్యాపారం. అతని అంగడికి రెండు పక్కలా శిల్పాలు చెక్కే షెడ్లు. పొద్దున మొదలైతే సాయంత్రం దాకా ఉలి దెబ్బలు, రాయి కోసే మిషన్ల రొద. తొండం తేలని వినాయకులు, ముఖం రాని నందులు రోడ్డు పక్కన వరుసగా ఉంటాయి. ఆ రాతిపొడి లేచి అతని అంగట్లో ప్రతి ప్యాకెట్టు మీదా పడుతుంది. రైతు చేతికి ఇచ్చేముందు టవలుతో ప్యాకెట్టు తుడిచి ఇవ్వడం అతని అలవాటు. నాకది వేషంగా కనిపించేది.

అతని చేత అంగడి పెట్టించింది నేనే. పెళ్ళైన కొత్తలో ఏ పనీ కుదరక తిరుగుతుంటే కంపెనీ వాళ్ళకు పరిచయం చేశాను, లైసెన్సు కోసం కర్నూలు తిరిగాను. ఈ సంగతి పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో ఎవరడిగినా అడగకపోయినా చెప్పేవాణ్ణి. అతను పక్కనుంటే తలూపేవాడు. "అన్న లేకుంటే నేను ఇప్పటికీ బస్టాండులో పేపర్ చదువుకుంటాంటి" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. గొప్పకు పోయింది నేనైనా ఆ నవ్వు అతనికే దక్కేది.

కొన్నేళ్ళలో అతని వ్యాపారం నాదాన్ని దాటింది. ఎట్లా దాటిందో ఆలోచించే ఓపిక నాకు లేకపోయింది. దాటిందన్నది మాత్రం ప్రతి సీజన్లో గుర్తుండేది.

మా వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. తొలకరి పడితే రైతు ఆగడు. ఒక అంగట్లో విత్తనం అయిపోతే పక్క ఊరి అంగడి నుంచి చేబదులు తెచ్చుకుంటాం. కాగితం ఉండదు, ఒక ఫోన్ మాటే. తర్వాత కంపెనీ సరుకు దిగాక మూటకు మూట తిరిగి పంపిస్తాం. రైతుకు ఇవేవీ తెలియవు. ఎవరి చేతి నుంచి తీసుకుంటే ఆ విత్తనం వాళ్ళదే.

చేబదులు అవసరం ఎక్కువగా అతనికే ఉండేది. కంపెనీ సరుకు ఆళ్ళగడ్డకు నేరుగా పోదు. నంద్యాల డిస్ట్రిబ్యూటరు గోదాములో దిగి, ఇక్కడి అంగళ్ళకు సరిపోయాక అటు వెళుతుంది. ఆళ్ళగడ్డకు వేరుగా ఒక డిస్ట్రిబ్యూటర్‌షిప్ రావాలని, అది తనకే రావాలని అతని ఆశ. ఆ వైపు రైతులు విత్తనం కోసం బస్సెక్కే అవసరం ఉండదని అనేవాడు. శిల్పాల షెడ్ల వెనక పెంకుల కప్పున్న పాత కొట్టం ఒకటి మాట్లాడి పెట్టుకున్నాడు కూడా. నంద్యాల వచ్చినప్పుడల్లా దాని గురించే చెప్పేవాడు. గోడలు మందమట, లోపల ఎండాకాలం కూడా చల్లగా ఉంటుందట. నేను ఊఁ కొట్టేవాణ్ణి.

ఓడ ఎక్కడానికి ముందటి వానాకాలం, వానలు తొందరగా పడ్డాయి. అతనికి మొక్కజొన్న విత్తనం సరిపోలేదు. ఫోన్ చేసి మూటలు పంపమన్నాడు. నేను పంపాను. పంపింది ఎక్కడి నుంచి అన్నదే అసలు సంగతి. ఆ ఎండాకాలం ధర వస్తుందని శనగలు కొని మంచి గోదాము నింపుకున్నాను. అక్కడ పట్టని విత్తనం మూటల్ని ఇంటి వెనక రేకుల కొట్టంలో వేయించాను. మే నెలలో మా రేకుల కింద చెప్పులు లేకుండా నిలబడలేం. విత్తనానికి ఆ వేడి పనికిరాదని మా అంగట్లో గోడ మీదే కంపెనీ వాళ్ళ పోస్టరు ఉంది.

కావాలని పంపానా అంటే, లేదనే అంటాను. వెనక కొట్టంలోవి ఆటోకు దగ్గరగా ఉన్నాయి. కానీ గోదాములోవి నా రైతులకు ఉంటాయన్న లెక్క నా మనసులో లేదని మాత్రం చెప్పలేను.

అక్కడ చేలల్లో విత్తనం సరిగా మొలవలేదు. సాలుకు సాలు ఖాళీ. రైతులు అతని అంగడి ముందు నిలబడ్డారు. అతను అందరికీ వేరే విత్తనం ఇచ్చి మళ్ళీ నాటించాడు. ఆ వారంలో నాకొకసారి ఫోన్ చేశాడు.

"అన్నా, ఆ మూటలు యాడ పెట్టింటివి?"

"గోదాములోనే" అన్నాను.

ఫోన్లో అతని వెనక రాయి కోస్తున్న మిషన్ వినిపిస్తూ ఉంది. "సరే" అని పెట్టేశాడు. ఆ తర్వాత ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. నా పేరు ఎవరి దగ్గరా చెప్పలేదని కూడా తెలిసింది. ఒక రైతు మాత్రం ఆగక కంపెనీకి ఫిర్యాదు పంపాడు. అది అతని పేరు మీదే పోయింది.

యాసంగి పంటకాలంలో అతను ఊళ్ళు తిరిగి అంతకంత అమ్మాడు. సంవత్సరం మొత్తం మీద మా జోన్‌లో మొదటివాడు అతనే. కంపెనీ వాళ్ళు ప్రతి ఏడూ బాగా అమ్మిన డీలర్లను భార్యలతో సహా ఎక్కడికైనా తీసుకెళతారు. ఆ ఏడు చిన్న ఓడ ఒకటి మొత్తంగా మాట్లాడారు. గోవాలో ఎక్కి, మంగళూరు, కొచ్చి, కొల్లం చూసుకుంటూ, కన్యాకుమారిని చుట్టి తూత్తుకుడిలో దిగడం. నా పేరు కూడా జాబితాలో వచ్చింది, చివర్లో. మొదట్లో ఉన్న అతని పేరు పక్కన పూలదండ బొమ్మ ఉంది. వాట్సాప్‌లో ఆ మెసేజ్ వచ్చినప్పుడు మా ఆవిడ సంతోషంగా చదివి వినిపించింది. ఆమె అతని పేరు దాటి నా పేరు దగ్గరికి వచ్చేదాకా నేను లెక్కల పుస్తకంలోంచి తలెత్తలేదు.

ఆళ్ళగడ్డకు రైలు లేదు. వాళ్ళిద్దరూ మా ఇంటికే వచ్చి, మధ్యాహ్నం మాతోనే తిని, మాతోనే రైలెక్కారు. నంద్యాలలో ఎక్కితే మారకుండా గోవాలో దిగవచ్చు. అతని చేతిలో పెద్ద గోనెసంచి. అందులో బొరుగులు, కోస్తావాళ్ళు మరమరాలంటారే, అవి.

"ఓడలోకి బొరుగులేందీ? కంపెనీ పరువు తీస్తావా?" అన్నాను.

"ఆకలైతే పరువు తింటామా అన్నా" అన్నాడు. బోగీలో ఉన్న డీలర్లంతా నవ్వారు.

ఓడ నేననుకున్నంత పెద్దది కాదు. పెద్ద ఓడలు టీవీలో చూసి ఊరంత ఉంటుందనుకున్నాను. ఇది మా నంద్యాలలో ఒక మంచి హోటలంత ఉంది, తెల్లగా, నీళ్ళ మీద. కానీ లోపల అడుగు పెడితే పాదం మునిగేంత తివాచీ. తడి టవళ్ళు చల్లగా నిమ్మవాసనతో పళ్ళెంలో పెట్టి ఇచ్చారు. మాలో ఒకాయన అది తినేదనుకొని చేతిలో తిప్పితిప్పి చూశాడు. మనిషికొక నౌకరు ఉన్నట్టే, ఎటు తిరిగినా ఎవరో ఒకరు వంగి నమస్కారం పెడుతున్నారు.

జోన్‌లో మొదట వచ్చిన డీలర్లకు పై అంతస్తులో బాల్కనీ గదులు. మిగతా వాళ్ళకు కింద. మా గదిలో మంచం మెత్తగానే ఉంది, దీపాలు బాగానే ఉన్నాయి. కిటికీ మాత్రం పళ్ళెమంత గుండ్రంగా, తెరవడానికి వీల్లేకుండా బిగించి ఉంది. నీళ్ళు దానికి కాస్త కిందుగా కొట్టుకుంటూ పోతున్నాయి. నాకు ఆ గది చాలు. పైన ఇంకోటి ఉందని తెలియకపోతే.

మా ఆవిడ చెల్లెలి గది చూసి వచ్చింది. మంచం మీద టవలును ఏనుగులా మడిచి పెట్టారట. బాల్కనీలో రెండు కుర్చీలు, మధ్యలో చిన్న బల్ల. అక్కడ కూర్చుంటే కాళ్ళ కింద సముద్రమే పోతున్నట్టుంటుందట. అప్పటి నుంచి పొద్దున కాఫీకి అక్కడికే పోయేది. నన్నూ రమ్మంది.

"ఈడ కూర్చోని ఏం చేస్తాండావ్? వాళ్ళ బాల్కనీలో గాలి బాగా వస్తాంది."

తల తిరుగుతోందని చెప్పాను. ఆమె పోయాక ఆ గుండ్రటి అద్దం దగ్గర కూర్చున్నాను. అక్కచెల్లెళ్ళ నవ్వులు పైనుంచి వినిపిస్తున్నాయనిపించేది. నిజానికి మధ్యలో ఇనుపకప్పు, అంత దూరం నుంచి వినపడే అవకాశమే లేదు.

మంగళూరులో దిగి బజారు తిరిగాం. మళ్ళీ ఓడెక్కాక మరుసటి పొద్దున భోజనాల గదిలోకి పోతే ఇంటి వాసన వచ్చింది. ఉగ్గాని. తడిపిన బొరుగులు, ఉల్లిపాయలు, పుట్నాలపొడి, పసుపు. పక్కన మిరపకాయ బజ్జీలు. నా షడ్డకుడు వంటమనిషితో స్నేహం చేసుకొని, వచ్చీరాని హిందీలో చెప్పి చేయించాడట. తెల్లటోపీ పెట్టుకున్న ఆ వంటమనిషి పళ్ళెం పట్టుకొని బల్ల బల్లకూ తిప్పుతున్నాడు. మహారాష్ట్ర డీలర్లు, కర్ణాటక డీలర్లు మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు. కంపెనీ పెద్దసారు లేచి చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. నేనూ కొట్టాను, చప్పుడు రాకుండా.

ఆ బొరుగులు మా వీధిలో కొన్నవి. ఉగ్గానిలో పుట్నాలపొడి ఆఖర్న వేయాలని అతని భార్యకు నేర్పింది మా ఆవిడ. ఈ రెండూ అందరికీ చెప్పాలని నాకు చాలా కోరికగా ఉండింది. చెబితే ఎంత చిన్నగా ఉంటుందో కూడా తెలుసు. ఉగ్గాని రెండుసార్లు పెట్టించుకున్నాను.

కొచ్చిలో మమ్మల్ని పాత మసాలా గోదాములున్న వీధికి తీసుకెళ్ళారు. మిగతావాళ్ళు ఒడ్డున చేపలు పట్టే చైనా వలల దగ్గర ఫోటోలు దిగుతూ ఆగిపోయారు. వ్యాపారం చేసేవాడికి గోదాము చూస్తే కాళ్ళు ఆగవు, మేమిద్దరం లోపలికి పోయాం. మిరియాలు, అల్లం, యాలకులు. ఘాటుకు కళ్ళు చెమ్మగిల్లాయి. బయట ఎండ మండిపోతున్నా లోపల హాయిగా ఉంది. పైన పెంకులు, మోరెత్తి చూడాల్సినంత ఎత్తులో. అతను గోడకు అరచెయ్యి ఆనించి నన్నూ ఆనించమన్నాడు.

"ఎంత చల్లగుందో చూడన్నా. మన ఆళ్ళగడ్డ కొట్టం గూడ ఇట్లనే ఉంటాది. ఈసారి సారుతో గట్టిగా అడుగుతా. నువ్వు గూడ ఒక మాట అను."

ఆ మాట అతను మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం నా రేకుల కొట్టం కనిపించింది. దెప్పుతున్నాడనుకున్నాను. అన్నీ తెలిసి, తెలియనట్టు నటిస్తూ, చల్లటి గోడ మీద నా చెయ్యి పెట్టించి మరీ దెప్పుతున్నాడనుకున్నాను. చూద్దాంలే అని బయటికి వచ్చేశాను.

అప్పటి నుంచి అతను చేసే ప్రతిదీ నాకు అడ్డంగానే కనబడింది. కొల్లంలో దీపస్తంభం మెట్లు ఆగకుండా ఎక్కాడు, నేను సగంలో కూర్చున్నాను. ఓడ ఉద్యోగుల పిల్లల పేర్లు అతనికి తెలుసు. కెప్టెన్ అతన్ని పిలిచి ఓడ నడిపే గది చూపిస్తానన్నాడు. నన్నెవరూ పిలవలేదు. పిలవకపోవడానికి నేనేం తప్పు చేశానని లోలోపల గొడవపడ్డాను. ఓడంతా కలిపి ఒక్క మనిషినే ఇష్టపడితే, పక్కన నిలబడ్డవాడు ఏం చేయాలో ఎవరూ చెప్పరు.

కన్యాకుమారి దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. అందరూ ముందు వైపు డెక్కు మీదికి పోయారు. సముద్రంలో బండ మీద నిలబడ్డ పెద్ద విగ్రహం అక్కడి నుంచి బాగా కనబడుతుందట. నేను వెనక వైపు కుర్చీలో ఉండిపోయాను. కంపెనీ పెద్దసారు వచ్చి పక్కన కూర్చొని ఇద్దరికీ టీ చెప్పాడు. ఆయనది కోస్తా. నెమ్మదైన మనిషి.

"మీ తోడల్లుడి గురించి ఒకటి అడగాలండీ. ఆళ్ళగడ్డకు విడిగా డిస్ట్రిబ్యూటర్‌షిప్ ఇద్దామనుకుంటున్నాం. పనిమంతుడు. కాకపోతే మొక్కజొన్న విషయంలో ఫిర్యాదొకటి ఉంది. విత్తనం సరిగా నిల్వ చేయలేదని. ఆయన్ని అడిగితే, జరిగిందండీ, మళ్ళీ విత్తనం ఇచ్చేశానండీ అంటున్నాడు తప్ప కారణం చెప్పట్లేదు. మీకేమైనా తెలుసా?"

నాకు తెలుసు. ఒక్క మాట చాలు. ఆ మూటలు నావి సార్, అంటే చాలు. మహా అయితే కంపెనీ నన్ను మందలిస్తుంది, ఒక సీజన్ సరుకు ఆపుతుంది. అవేవీ అప్పుడు నా మనసులోకి రాలేదని చెప్పగలను. భయపడి ఆగిపోలేదు. ఆళ్ళగడ్డలో పెంకుల కొట్టం, దాని ముందు కంపెనీ బోర్డు, రిబ్బను కోస్తున్న అతనూ, చప్పట్లు కొడుతున్న నేనూ కనిపించాం. మళ్ళీ చప్పట్లు కొట్టడం నా వల్ల కాలేదు.

"వ్యాపారమన్నాక ఇట్లాంటివి ఉంటాయి సార్" అన్నాను. సముద్రం వైపు చూశాను.

ఆయన తలూపాడు. "అర్థమైంది లెండి. మీవాడు, మీరెలా చెబుతారు" అన్నాడు. నేను చెప్పకపోవడాన్ని ఆయన నా మంచితనంగా, అతని తప్పుగా తీసుకున్నాడు. తలెత్తి, అది కాదు సార్ అనడానికి ఆయన టీ తాగడం పూర్తయ్యేదాకా వ్యవధి ఉంది. అనలేదు.

ఆయన లేచి వెళ్ళాక నా షడ్డకుడు పైనుంచి పరిగెత్తినట్టే దిగి వచ్చాడు. మెడలో కెప్టెన్ దుర్భిణి.

"నీకోసం అడిగి తెచ్చినాన్నా. బేగా చూడు, దాటిపోతాది."

కళ్ళకు పెట్టుకుంటే అంతా మసకగా ఉంది. అతను వెనక నుంచి చెయ్యి పెట్టి చక్రం తిప్పాడు. విగ్రహం ముఖం, బండకు కొట్టుకుంటున్న నురగ, ఒడ్డున జనం, స్పష్టంగా కనిపించాయి. బాగుందన్నాను.

తూత్తుకుడిలో ఉప్పు కుప్పలు చూసి, రైలెక్కి ఊరికి వచ్చాం. డిస్ట్రిబ్యూటర్‌షిప్ వేరే ఊరి వ్యాపారికి పోయింది. ఆళ్ళగడ్డ సరుకు ఇప్పుడు ఇంకా దూరం నుంచి వస్తుంది. అతను ఆ కొట్టం వదులుకున్నాడు. శిల్పాల షెడ్డు వాళ్ళు తీసుకొని, కొనేవాడు రాక మిగిలిపోయిన విగ్రహాలను అందులో పెట్టుకుంటున్నారు. వినగానే సంతోషించానని రాయాలి, ఎందుకంటే సంతోషించాను. మా ఆవిడ చెబుతుంటే జాలిగా ముఖం పెట్టుకొని రెండు మాటలు కూడా అన్నాను. ఓడ కథలు చెప్పడం ఆ తర్వాతే మొదలుపెట్టాను. నా కథల్లో బాల్కనీ గది నాది. ఉగ్గాని నా ఆలోచన. దుర్భిణి కెప్టెన్ నాకే ఇచ్చాడు.

తర్వాత తొలకరికి నా అంగడికి కొత్త ముఖాలు వచ్చాయి. ఏ ఊరని అడిగితే ఆళ్ళగడ్డ వైపు పల్లెలు చెప్పారు. ఒక పెద్దాయన, భార్యతో కలిసి, బస్సు దిగి నేరుగా వచ్చాడు.

"మీ షడ్డకుని కాడ విత్తనం మొలవలేదప్పా. మళ్ళా ఇచ్చినాడు, అది నిజమే. కానీ అదను పాయ కదా. అందుకే ఈడికొచ్చినాం" అన్నాడు.

మంచి గోదాములోంచి తీసి ఇచ్చాను. ఆయన ప్యాకెట్టు కళ్ళకద్దుకొని వెళ్ళాడు. ఆ సీజన్లో అట్లా ఇంకా కొందరు వచ్చారు. ఆ పైయేడు మరికొందరు. రేకుల కింద నేను ఎండబెట్టిన విత్తనం అతని రైతుల్ని నా అంగడికి తోలుకొస్తోంది. అమ్ముతూనే ఉన్నాను. ఎవరూ నన్నేమీ అడగలేదు కాబట్టి అబద్ధం చెప్పే అవసరం కూడా రాలేదు.

మొన్న వానలకు మళ్ళీ ఆ పెద్దాయనే వచ్చాడు. మా ఆవిడ నాకు టీ తెచ్చి అక్కడే నిలబడి ఉంది. ఆయన అదే మాట ఇంకొకరికి చెబుతున్నాడు, ఆళ్ళగడ్డలో ఆ అంగడి విత్తనం నమ్మలేమని.  ఆయన వెళ్ళాక ఆమె కప్పు తీసుకుంటూ అంది:

"ఆ పొద్దు మూటలకొచ్చిన ఆటోకు వెనక కొట్టం తలుపు తీసింది నేనే."

అంతమాత్రమే అని లోపలికి పోయింది. ఆమెకు మొదటి నుంచీ తెలుసు. ఆ బాల్కనీలో చెల్లెలి పక్కన కూర్చొని కాఫీ తాగినప్పుడూ తెలుసు. నేను చెబుతానని ఎదురుచూసిందో, ఎదురుచూడడం మానేసిందో నేను అడగలేదు.

ముందు కంపెనీ పెద్దసారుకు ఫోన్ చేశాను. ఆయన ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉన్నాడు. నేనెవరో గుర్తు చేసుకోవడానికే కొంతసేపు పట్టింది. విన్నాడు. "అప్పుడే చెప్పి ఉండాల్సిందండీ. ఇప్పుడది నా చేతిలో లేదు" అన్నాడు. ఆ మాటలో కోపం కూడా లేదు.

మరుసటి రోజు ఆళ్ళగడ్డ బస్సెక్కాను. అతని అంగడి ముందు బెంచీ మీద నలుగురైదుగురు రైతులు కూర్చొని ఉన్నారు. పక్క షెడ్డులో మిషన్ రాయిని కోస్తోంది, రోడ్డంతా తెల్లటి పొగలా పొడి. నన్ను చూసి అతను లేచాడు, టీ చెబుతానన్నాడు. వద్దని, లోపలికి పిలిచి, మూటల వెనక నిలబడి మొత్తం చెప్పాను. రేకుల కొట్టం సంగతి, గోదాములోనే అని ఫోన్లో ఆడిన అబద్ధం, ఓడ మీద ప్రశ్న.

చెబుతున్నంతసేపూ అతను ఒక ప్యాకెట్టు తుడుస్తూనే ఉన్నాడు. అది ఎప్పుడో శుభ్రమైంది. ఇంకా తుడుస్తున్నాడు.

"రేకుల కిందివని నాకప్పుడే తెలుసన్నా. మొలవలేదన్నాక మిగిలిన మూటలు విప్పి తడిమితే తెలిసిపాయ" అన్నాడు. "ఓడలో ఆ సారు నన్నూ అడిగినాడు. నీ పేరు చెప్తే నీకు సరుకు ఆపేస్తారని చెప్పలేదు. నువ్వే చెప్తావులే అనుకుంటి. నీ నోటితో నువ్వు చెప్తే మర్యాదగా ఉంటాదని."

నేను తల దించుకున్నాను.

"నేను పైన కెప్టెన్ కాడ నిలబడి ఆ దుర్భిణిలో మిమ్మల్నే చూస్తాంటి. మీరిద్దరూ కూర్చోని మాట్లాడుకుంటాన్నారు. మా అన్న నా పని గురించే చెప్తాన్నాడని ఆ కెప్టెన్‌కు గూడ చెప్తి."

అతని గొంతు మొదటిసారి పెద్దదైంది. బెంచీ మీదివాళ్ళు ఇటు తిరిగారు. క్షమించమని అనబోయాను, చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకేం చెప్తావ్. నాకు తెలిసిందే కదా. నా అంగడి విత్తనం మంచిది కాదని తిరిగేది వాళ్ళు. వాళ్ళకు చెప్పు."

ప్యాకెట్టు బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. పక్క షెడ్డు వైపు చెయ్యెత్తి, మిషన్ కాసేపు ఆపమని కేకేశాడు. ఆగింది. ఆ రోడ్డు అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ వినలేదు. షెడ్డులోని శిల్పులు కూడా ఉలులు పట్టుకొని ఏమిటన్నట్టు చూస్తున్నారు. బెంచీ చివర నంద్యాల వచ్చే ఆ పెద్దాయన కూర్చొని ఉన్నాడు, విత్తనం మానుకున్నా పురుగుమందు ఇక్కడే కొంటాడు కాబోలు, చేతిలో డబ్బా ఉంది. నన్ను గుర్తుపట్టి లేవబోయాడు. కూర్చోమన్నాను. నా షడ్డకుడు గుమ్మానికి ఆనుకొని, నా వైపు కాకుండా రోడ్డు వైపు చూస్తున్నాడు.

"ఆ ఏడు మీ చేలల్లో మొలవని మొక్కజొన్న ఈ అంగడిది కాదప్పా. నాది. రేకుల కింద ఎండకు పెట్టి చెడగొట్టి, తెలిసి తెలిసి ఈయనకు పంపినా. ఈయన నా పేరు యాడా చెప్పలేదు. కంపెనీ సారు నన్ను అడిగినప్పుడు, ఈయన బాగుపడతాడని ఓర్వలేక నేను నోరు తెరవలేదు. తప్పు నాది. మీరంతా నన్ను క్షమించండి" అన్నాను. అతని వైపు తిరిగి, "నువ్వు గూడ క్షమించప్పా" అన్నాను.